విడిదిలో పెళ్లికొడుకు

వెన్నెలపేటలో కాఫీ తిరగబోయడం చూడముచ్చటగా ఉంటుంది. గిన్నె వంచగానే ధార కిందికి దిగదు. కాసేపు తటపటాయించి, వంపు తిరిగి, తీరుబడిగా గ్లాసు చేరుతుంది. చందమామ మీద వస్తువుల బరువు భూమి మీది బరువులో ఆరో వంతే. అలవాటు లేనివాళ్లు మొదటి వారంలో తాగే కాఫీ కన్నా తుడిచే కాఫీయే ఎక్కువ. ఇందీవరకు మాత్రం ఇక్కడ నాలుగేళ్ల అనుభవం. పైగా కొత్తగా పెళ్లయింది. ఆ ఉదయం ఆమె చెయ్యి బారెడు పైకెత్తి, అవసరం లేకపోయినా కాఫీని మళ్లీ మళ్లీ తిరగబోసి, అద్దానికి అవతల కూర్చున్న మొగుడికి చూపించింది.

"నురగ బాగా వచ్చింది," అన్నాడు వామనమూర్తి గోడలోని మైకులోంచి. "వాసన ఎలా ఉందో కూడా చెబితే సంతోషిస్తాను."

"చెప్పను. విడిదిలో ఉన్న పెళ్లికొడుకుని ఊరించకపోతే ఇంకెవర్ని ఊరిస్తాం?"

విడిది అన్న పేరు ఎవరు పెట్టారో తెలియదు. కాగితాల్లో దాని పేరు ఆగమన పరిశీలనా విభాగం. భూమి నుంచి వచ్చిన ప్రతి కొత్త మనిషీ ముందు అక్కడ దిగాలి. పరీక్షలన్నీ అయ్యాకే పేటలోకి రావాలి. పాత కాపులకు ఆ బాధ లేదు, తిన్నగా ఇంటికి వెళ్లిపోవచ్చు. అందుకే, ఒకే నౌకలో పక్కపక్క సీట్లలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చిన కొత్త దంపతులు రేవులో దిగగానే చెరో తలుపులోంచి వెళ్లాల్సి వచ్చింది. అప్పటి నుంచీ ఇందీవర టిఫినూ భోజనమూ అద్దం పక్కనే కానిస్తోంది. దారిన పోయేవాళ్లు చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ అనుకుంది. పెళ్లయి నెల కూడా నిండని మనిషికి అద్దం ఒక అడ్డా?

వామనమూర్తి పేరుకు తగిన మనిషి కాదు. ప్రతి గుమ్మం దగ్గరా తల వంచి నడిచేటంత పొడగరి. చీరాల దగ్గర వేటపాలెంలో పన్నెండేళ్లుగా ఒకటో తరగతి పంతులు. ఒక పిల్లాడి ముక్కు తుడుస్తూ, రెండో వాడి పలక దిద్దుతూ, మూడో పిల్లను చంకనేసుకుని కూడా పాఠం ఆపకుండా చెప్పగలడు. ఇందీవర సెలవు మీద భూమికి వెళ్లినప్పుడు ఆ బడిలో టీకాల శిబిరం పెట్టింది. పిల్లలందరూ ఏడుస్తుంటే, ఈ పొడుగాయన ముందు తను సూది పొడిపించుకుని, పిల్లలకన్నా గట్టిగా ఏడ్చి చూపించి, అందర్నీ నవ్వించాడు. ఆమె అక్కడే పడిపోయింది.

రెండోసారి కలిసినప్పుడే చెప్పేశాడు, తన ఒంట్లో హెచ్.ఐ.వి. ఉందని.

ఆ రోజుల్లో అది భయపడవలసిన జబ్బు కాదు. కొత్తగా సోకినవాళ్లకు పూర్తిగా నయం చేసే మందు వచ్చేసింది. పుట్టుకతోనే వచ్చి, రక్షణ కణాల లోపల ఎక్కడో దాక్కుని నిద్రపోయే పాత రకానికి మాత్రం ఇంకా ఆ మందు పనిచెయ్యలేదు. అలాంటివాళ్లు చాలా కొద్దిమంది. వాళ్లకి ఏడాదికోసారి చర్మం కింద బియ్యపు గింజంత మందు పెడతారు. వైరస్ నిద్ర లేవదు, ఇంకొకరికి అంటదు. మనిషి హాయిగా తిరుగుతాడు. వామనమూర్తి అలాగే తిరుగుతున్నాడు. ఇందీవర ఇమ్యునాలజీలో డాక్టరు కాబట్టి ఇదంతా ఆయనకన్నా ఆమెకే బాగా తెలుసు. "అదా, నేనింకా పెళ్లయిందని చెబుతావేమో అనుకుని హడలిపోయాను," అని మాత్రం అంది.

చిక్కంతా వెన్నెలపేట గాలితో వచ్చింది.

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర ఒక పెద్ద గుహలో కట్టిన ఊరు అది. ఉన్న గాలినే శుభ్రం చేసుకుని మళ్లీ మళ్లీ పీల్చుకోవాలి. ఎవరో ఎప్పుడో భూమి నుంచి తెచ్చిన మామూలు జలుబు వైరస్ ఆ గాలిలో తిరిగి తిరిగి కొత్త వేషం వేసుకుంది. దాన్ని అందరూ పేట జలుబు అంటారు. కొత్తగా వచ్చిన ప్రతివారికీ నెల తిరక్కుండా పట్టుకుంటుంది. నాలుగు రోజులు తుమ్మిస్తుంది. బరువు తక్కువ కావడంతో, గట్టిగా తుమ్మిన మనిషి ఒక అడుగు వెనక్కి తూలుతాడు. అది చూసి పక్కవాళ్లు చప్పట్లు కొట్టడం ఆనవాయితీ. తరవాత ఆ జలుబు ఇంక జన్మలో రాదు.

అయితే, రక్షణ శక్తి బొత్తిగా లేనివాళ్లకి అది ఊపిరితిత్తుల దాకా దిగవచ్చు. పేటలో పెద్ద ఆసుపత్రి లేదు. కాబట్టి రక్షణ శక్తి తక్కువైనవాళ్లను పేటలోకి రానివ్వకూడదని ఆరోగ్య సంఘం ఒక నియమం పెట్టింది. సంఘం వేరే చెప్పినా చెప్పకపోయినా, ఆ నియమం ఎవర్ని ఆపడానికో అందరికీ తెలుసు. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ల దరఖాస్తులన్నీ ఇన్నేళ్లుగా దాని కిందే వెనక్కి పోతున్నాయి. పరీక్ష చెయ్యకుండా ఎలా కాదంటారని ఇందీవర ఏడాది పాటు పోట్లాడితే, సంఘం చివరికి ఒక మెట్టు దిగింది. పరీక్ష చేద్దాం అంది. నెగ్గితే ఉండవచ్చు. తప్పితే వచ్చిన నౌకలోనే తిరిగి వెళ్లాలి. ఆ నౌక రేపు సాయంత్రం బయలుదేరుతుంది.

"ఎల్లుండి నువ్వు ఇక్కడి బడికి పోతావు, నేను ల్యాబుకి పోతాను," అంది ఇందీవర, ఖాళీ గ్లాసు అద్దానికి ఆనించి. "సాయంత్రం ఒకే ఇంటికి వస్తాం. ఊహించు."

"నెగ్గకపోతే?"

"నెగ్గకపోవడం ఏంటి మాస్టారూ, మీరు పిల్లలకి ఇలాగే ధైర్యం చెబుతారా?"

ఆయన నవ్వాడు. ఆమె గడియారం చూసుకుని ల్యాబుకి పరిగెత్తింది. పరిగెత్తడం అంటే చందమామ మీద ఒక్కో అంగకీ నాలుగు గజాలు ఎగరడమే.

ల్యాబులో యంత్రం పేరు దర్పణి. చూడటానికి ఇడ్లీ కుక్కరులా ఉంటుంది, చేసే పని మాత్రం అబ్బురం. ఒక మనిషి రక్తంలోంచి రక్షణ కణాలను ఏరి, వాటిని జెల్లీ లాంటి పదార్థంలో పెంచి, ఆ మనిషి ఒంట్లోని లింఫు గ్రంథికి నకలు తయారు చేస్తుంది. దీన్నే ప్రతిగ్రంథి అంటారు. పెసరగింజంత ఉంటుంది. మనిషి ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఎంత తెలివైనదో ఈ గింజా అంతే తెలివైనది. ఇప్పుడు దాని మీదికి వైరస్‌ని వదిలితే, అసలు మనిషికి సోకినప్పుడు వారం పాటు జరిగేదంతా ఒక పూటలో కళ్ల ముందు జరిగిపోతుంది. మనిషికి రావలసిన జ్వరం పెసరగింజకు వస్తుంది. మనిషి మాత్రం పక్కగదిలో కూర్చుని పత్రిక చదువుకోవచ్చు.

దర్పణిని నాలుగేళ్లుగా పెంచి పోషించింది ఇందీవరే. అయినా సొంత మొగుడి పరీక్ష కాబట్టి ఆమె చెయ్యి వెయ్యకూడదు. చూడవచ్చు. పరీక్ష నడిపే పని ఆమె స్నేహితురాలు డాక్టర్ షహనాజ్‌కి అప్పగించారు.

"సంఘం వారికి ఒక మనవి," అంది షహనాజ్. సంఘంలోని ఆరుగురూ ల్యాబులో బల్ల చుట్టూ చేరారు. "ఒక్క నమూనా చూసి ఏమీ తేల్చలేం. పోల్చడానికి పూర్తి ఆరోగ్యవంతుడి రక్తం ఒకటి కావాలి. ఎవరిస్తారు?"

అధ్యక్షుడు పేర్రాజు గారు అప్పటికే చొక్కా చెయ్యి మడుచుకుంటున్నారు.

పేర్రాజు గారు పేటలో అందరికీ గౌరవమున్న మనిషి. చెడ్డవారు కారు. ఎవరింట్లో ఎవరికి నలతగా ఉన్నా వాకిట్లోనే నిలబడి, లోపలికి రాకుండా, చాలా సేపు పరామర్శిస్తారు. చేతులకు ఎప్పుడూ తెల్లటి తొడుగులు, జేబులో శొంఠి డబ్బా. ఆయన ఇంటి గుమ్మానికి మూడు పొరల గాలి వడపోత. తొమ్మిదేళ్ల కిందట పేటకు వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు ఒక్కసారి కూడా జలుబు చెయ్యలేదు. ఆ సంగతి ఆయన ఎవర్నీ మర్చిపోనివ్వరు.

"ఇంకెవరిదో ఎందుకమ్మా, నాది తీసుకోండి," అన్నారు. "తొమ్మిదేళ్లలో నేను తుమ్మగా ఎవరైనా విన్నారా?"

"లేదండి," అంది షహనాజ్ సూది సిద్ధం చేస్తూ. "మీ గుమ్మానికి ఉన్న పొరలకి తుమ్మినా బయటికి వినపడదు."

"నీకు నోరెక్కువ. తీసుకో, తీసుకో. ఆరోగ్యం అంటే ఏంటో మీ యంత్రం కూడా ఓసారి చూస్తుంది."

విడిది నుంచి వామనమూర్తి రక్తం కూడా వచ్చింది. చూసేవాళ్లు ఎటూ మొగ్గకుండా ఉండాలని, దర్పణి నమూనాల మీద పేర్లు తీసేసి తన ఇష్టం వచ్చిన గుర్తులు పెట్టుకుంటుంది. ఈసారి ఒకదానికి వేప అని, రెండోదానికి చింత అని పెట్టుకుంది. ఏది ఎవరిదో దానికే తెలుసు.

మర్నాడు ఉదయానికి రెండు పెసరగింజలూ తయారయ్యాయి.

"వేప సిద్ధం. చింత సిద్ధం," అంది దర్పణి. దాని గొంతు బస్టాండులో ప్రకటనలు చేసే ఆవిడ గొంతులా నింపాదిగా ఉంటుంది. "పేట జలుబు వదులుతున్నాను."

తెర రెండుగా చీలింది. వైరస్ ఎర్రగా, రక్షణ కణాలు పచ్చగా కనిపిస్తాయి. వేప వైపు ఎరుపు ఇలా అడుగు పెట్టిందో లేదో, పచ్చటి కణాలు నాలుగు మూలల నుంచీ పరిగెత్తుకొచ్చాయి. వాటిలో ముదురు పచ్చవి స్మృతి కణాలు. ఎప్పుడో చూసిన శత్రువును గుర్తు పట్టేవి అవే. ఇవి వైరస్‌ని చూసి, నువ్వా, మీ అన్నదమ్ములందర్నీ ఎరుగుదును అన్నట్టు మీద పడ్డాయి. కాఫీ తాగేంత సేపట్లో తెర పచ్చబడిపోయింది.

చింత వైపు అలా లేదు. ఎరుపు నెమ్మదిగా వచ్చి కూర్చుంది. పచ్చటి కణాలు దాని పక్కనుంచే వెళ్లిపోయాయి. ఒకటి రెండు ఆగి చూసి, మనకెందుకులే అన్నట్టు తప్పుకున్నాయి. ఎరుపు పరుచుకుంటూ పోయింది.

"వేప నూటికి తొంభై ఒకటి," అంది దర్పణి. "చింత పద్నాలుగు. నెగ్గడానికి అరవై రావాలి."

 షహనాజ్ ఇందీవర భుజం మీద చెయ్యి వేసింది. పేర్రాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు నిజంగానే బాధగా ఉంది.

"ఎందుకిలా అయిందంటావు అమ్మాయ్?" అని మెల్లగా అడిగారు. "ఆ చింత కణాలు అలా చూస్తూ ఊరుకున్నాయేం?"

ఇందీవర తెర మీంచి కళ్లు తిప్పుకుంది. అయినా ఆయన అడిగింది శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. అటువంటి ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆమె ఉండలేదు.

"వైరస్ నిద్రపోతున్నా ఒంట్లో ఉన్నట్టే కదండి," అంది. "ఏళ్ల తరబడి దానికి కాపలా కాసి కాసి టి-సెల్స్, అంటే ఆ రక్షణ కణాలు, అలసిపోతాయి. అలసిన కణాల మీద కొన్ని గుర్తులు మొలుస్తాయి. అప్పుడవి కొత్త శత్రువు వచ్చినా కదలవు. లెక్కకు సరిపడా ఉంటాయి, పని మాత్రం చెయ్యవు. నేను... నేను ముందే ఊహించి ఉండాల్సింది."

అందరూ తలలాడించారు. చాలా స్పష్టంగా చెప్పింది, అర్థం కానివాళ్లు లేరు. ఇందీవరకు మాత్రం, చెబుతున్నంత సేపూ, ఆ ఎర్రటి తెర మీద కాకుండా అద్దానికి అవతల తల వంచుకుని గుమ్మం దాటే మనిషి మీదే ధ్యాస.

పేర్రాజు గారు ఉత్తరువు చెప్పడం మొదలుపెట్టారు. దర్పణి రాసుకుంటోంది.

"ఎవరి పేరూ వద్దు," అన్నారు. "పేరు పెట్టి రాస్తే వివక్ష అంటారు. ఆ అబ్బాయికీ చిన్నతనంగా ఉంటుంది. చింత నమూనా ఎవరిదో వారు ఈ సాయంత్రం నౌకలో సగౌరవంగా భూమికి తిరిగి వెళ్లాలి, అని రాయి. మర్యాదగా ఉంటుంది."

"రాశాను. అమలు చెయ్యమంటారా?"

"చెయ్యి."

ఇందీవర విడిదికి వెళ్లి అద్దం ముందు కూర్చుంది. వామనమూర్తి ఆమె మొహం చూశాడు. 

"పద్నాలుగే వచ్చింది," అందామె.

"సరేలే."

"సరేలే అంటావేం?"

"మరేమనాలి? నా ఒళ్లు నాకు తెలియదా." ఆయన అద్దం మీద వేలితో ఏదో దిద్దుతున్నట్టు గీశాడు. "నువ్వు సెలవులకి వస్తూ ఉండు. జీడిపప్పు పాకం చేయించి పెడతాను."

"నేను సెలవులకి రావడం ఏంటి? నీతోనే వస్తున్నాను."

"పిచ్చా నీకు? దర్పణిని ఎవరు చూసుకుంటారు?"

"దర్పణి నా మెడలో మూడు ముళ్లు వెయ్యలేదు. వేటపాలెంలో ల్యాబు పెడతాను. ఇడ్లీ కుక్కరుతో మొదలుపెడతాను. నువ్వు మాట్లాడకు, నాకు ఏడుపొస్తోంది. ఇక్కడ ఏడిస్తే కన్నీళ్లు త్వరగా జారవు, కంట్లోనే వేలాడుతుంటాయి, చూడ్డానికి బాగోదు."

ఆయన నవ్వాడు. ఆమె కూడా, కంట్లో నీటి బుడగ వేలాడుతుండగానే, నవ్వింది.

ఇంటికి వెళ్లి సామాను సర్దుకుంది. కొత్తగా కొన్న రెండు కంచాలు, రెండు దిళ్లు, పెళ్లిలో షహనాజ్ ఇచ్చిన కుంపటి బొమ్మ. వీధిలో మల్లెపాదుకు నీళ్లు పోసి, పక్కింటివాళ్లకి అప్పజెప్పింది. ప్రయాణం ఖాయమైనవాళ్ల ఇంటికి సామాన్ల బండి తనంతట తనే వస్తుంది. విడిదికి ఇంకా బండి రాలేదని వామనమూర్తి కబురు పెట్టాడు. ఇందీవర వీధిలోకి తొంగి చూసింది. బండి ఆ చుట్టుపక్కల కూడా లేదు. నౌకకి వేళవుతోంది.

అంతలో షహనాజ్ ఫోను చేసింది. మాట్లాడుతోందా, దగ్గుతోందా తెలియడం లేదు.

"ఇందూ, చేతిలో ఏదుంటే అది పడేసి పేర్రాజు గారి వీధికి రా. రా, తొందరగా. నేను చెబితే నువ్వు నమ్మవు."

ఇందీవర నాలుగు అంగల్లో అక్కడికి చేరింది. పేర్రాజు గారి గుమ్మం ముందు సగం పేట జమైంది. మధ్యలో సామాన్ల బండి నిలబడి ఉంది. దాని ఇనుప చేతుల్లో పేర్రాజు గారి గాలి వడపోత పెట్టె ఉంది. పెట్టెకు రెండో వైపు పేర్రాజు గారు వేలాడుతున్నారు.

"వదులు. వదలమంటే వినవేం? ఎవరు పంపారు నిన్ను?"

"తమరి ఉత్తరువే పంపిందండి," అంది బండి వినయంగా. "తమరి సీటు కిటికీ పక్కన. ఈ పెట్టె బరువు ఎక్కువ, నౌకలోకి ఒప్పుకోరు. శొంఠి డబ్బా మాత్రం ఒళ్లో పెట్టుకోవచ్చు."

"నా ఉత్తరువు ఆ పంతులబ్బాయి గురించి."

"చింత నమూనా ఎవరిదో వారు అని ఉందండి."

"అదే. చింత అంటే..."

పేర్రాజు గారు ఆగిపోయారు. వీధిలో నవ్వుతున్నవాళ్లు కూడా ఆగారు. ఇందీవర గుంపును తోసుకుని ముందుకు వచ్చింది.

బండి మైకులోంచి దర్పణి గొంతు వినబడింది. "చింత పేర్రాజు గారిది. వేప వామనమూర్తి గారిది. సరిచూడమంటే ఇంకోసారి సరిచూస్తాను. ఇప్పటికి మూడుసార్లు చూశాను."

"అసంభవం," అన్నారు పేర్రాజు గారు. "తొమ్మిదేళ్లు... ఒక్క తుమ్ము..."

ఆ మాట వినగానే ఇందీవరకు తెరలు తొలగినట్టయింది. తెర మీద చూసిందంతా ఇప్పుడు తిరగేసి కనిపించింది. ఎంత తేలిక సంగతి.

"అందుకేనండి," అంది. "ఒక్క తుమ్ము కూడా లేదు కాబట్టే. మూడు పొరల గాలిలో తొమ్మిదేళ్లు ఉన్నారు. మీ కణాలకు ఏ జలుబూ ఎదురుపడలేదు. పాతవన్నీ మరిచిపోయాయి. కొత్తదాన్ని చూసి ఇదెవరో అనుకున్నాయి. వామన్ సంగతి వేరు. పన్నెండేళ్లు ఒకటో తరగతి పిల్లలు ఆయన మొహం మీదే తుమ్మారు. పేట జలుబు ఆ పిల్లల జలుబులకు చుట్టమే. ఏడాదికోసారి మందు పడుతోంది కాబట్టి ఒంట్లోని వైరస్ ఆయన రక్షణ కణాల జోలికి రావడం లేదు. అలసిపోవడమూ లేదు, పాడూ లేదు."

చివరి మాట అంటూ ఆమె తల దించుకుంది. అలసట గురించి పొద్దున్న అంత వివరంగా చెప్పింది తనే.

పేర్రాజు గారు బండి వాకిట్లోకి తెచ్చి పెట్టిన తన సూట్‌కేసు మీద కూలబడ్డారు. తెల్ల తొడుగుల చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నట్టుండి చిన్నపిల్లాడిలా కనిపించారు.

"అమ్మాయ్," అన్నారు, "నేనెక్కడికి పోతాను? భూమ్మీద ఎన్ని జలుబులున్నాయో నీకు తెలుసు కదా."

ఇందీవర ఆయన పక్కనే వీధిలో కూర్చుంది. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు.

"టీకా వేస్తే సరిపోతుందండి. రెండు వారాల పని. ఎవర్నీ ఎక్కడికీ పంపక్కర్లేదు."

పేర్రాజు గారు తలెత్తి చుట్టూ చూశారు. సంఘం సభ్యులందరూ అక్కడే గుంపులో ఉన్నారు. మరుక్షణం ఆయన లేచి నిలబడి, తొడుగులు సర్దుకుని, వీధిలోనే అత్యవసర సమావేశం ప్రారంభించారు. మానవతా దృక్పథంతో ఆలోచించినప్పుడు, దర్పణి పరీక్షను మనుషులను వెళ్లగొట్టడానికి కాక, ఎవరికి ఏ టీకా అవసరమో తేల్చడానికి మాత్రమే వాడాలని తీర్మానం చదివారు. ఇది ఇందీవర కిందటేడు పెట్టిన దరఖాస్తులోని వాక్యమే, అక్షరం పొల్లుపోలేదు. అప్పుడది తేలడానికి ఏడాది పట్టి, చివరికి కుదరదని వచ్చింది. ఇప్పుడు బండి పెట్టెను కింద దించేలోపే ఆరు చేతులూ లేచాయి. ఇన్నేళ్లుగా వెనక్కి పోయిన దరఖాస్తులన్నీ తిరిగి తెప్పించమని షహనాజ్ సవరణ పెట్టింది. అదీ నెగ్గింది. ఆ సమయంలో ఏ సవరణ పెట్టినా నెగ్గేదే.

విడిది తలుపు తెరుచుకుంది. వామనమూర్తి తల వంచి బయటికి వచ్చాడు. ఇందీవర ఆగలేక ఎదురు ఎగిరింది. బరువు తక్కువ కావడంతో ఆయన ఆమెను పట్టుకుని రెండు గజాలు వెనక్కి వెళ్లి గోడకు ఆనుకున్నాడు. ఎవరూ చూడటం లేదనుకున్నారు. అందరూ చూశారు.

"నేనొక మాట చెప్పాలి," అంది ఆమె ఆయన చొక్కా బొత్తాన్ని తిప్పుతూ. "చింత నీదే అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఎందుకు నీదో అందరికీ పాఠం చెప్పాను. నీ పరీక్షలన్నీ చదివినదాన్ని. నీ కణాలు ఎంత బాగున్నాయో నాకు తెలుసు. అయినా ఒక్క నిమిషం కూడా అనుమానం రాలేదు. ఏ మొహం పెట్టుకుని నీ ఎదుట నిలబడాలో తెలియడం లేదు."

 వామనమూర్తి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మరి నేనో? నువ్వు పద్నాలుగు అనగానే సరేలే అన్నాను. ఎవరికి పద్నాలుగు అని అడిగానా? ఒళ్లు నాదై ఉండి కూడా అడగలేదు. చిన్నప్పట్నుంచీ నాకదే అలవాటు ఇందూ. రెండు రిపోర్టులు బల్ల మీద పెడితే, ఇంకెవరూ తీసుకోకముందే బాగాలేనిదాని మీదికి నా చెయ్యే వెళుతుంది."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కంట్లో బుడగ మళ్లీ వేలాడింది. ఆయన దాన్ని, ఒకటో తరగతి పంతులు నేర్పుతో, జేబురుమాలు అంచుతో తీసేశాడు.

పక్కనే సామాన్ల బండి ఖాళీగా వెనక్కి వెళుతోంది. ఇందీవరకు కోపం చూపించడానికి ఎవరో ఒకరు దొరికినట్టయింది.

"దర్పణీ," అంది బండి మైకు వైపు తిరిగి. "ఉదయమే నీకు తెలుసు కదా. చెప్పొచ్చు కదా?"

"ఎవరైనా అడిగితే చెప్పాలి, అడక్కుండా చెప్పకూడదు. అది నియమం డాక్టర్. గదిలో అంతమంది ఉన్నారు. ఎవరో ఒకరు అడుగుతారని చూశాను. ఎవరూ అడగలేదు."

"అది చూసి నీకేమీ అనిపించలేదా?"

"అనిపించింది. నేను అన్ని గంటలు కష్టపడి తేల్చినదాన్ని, మీరందరూ చూడకుండానే అంత ఖాయంగా మాట్లాడుతుంటే, మీ దగ్గర నాకన్నా మంచి యంత్రం ఇంకేదో ఉందనుకున్నాను."

"ఉందమ్మా," అన్నాడు వామనమూర్తి. "దానికి రక్తపు చుక్క కూడా అక్కర్లేదు."